పూస వెంట బంధుత్వం: లకోటా కుటుంబాలలో పూసలకుట్టు వారసత్వం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉత్తర అమెరికా మైదానాలలో నివసించే లకోటా ప్రజల పూసలకుట్టు ప్రపంచ మ్యూజియంలలో ప్రముఖస్థానం పొందిన కళ. తల్లి నుంచి కూతురికి, అమ్మమ్మ నుంచి మనుమరాలికి సంక్రమించిన నైపుణ్యంగా దీనిని వర్ణించడం పరిపాటి. ఈ వర్ణన నిజమే అయినా అసంపూర్ణం. లకోటా కుటుంబాలలో పనితనం నేర్పే దారి ఒకటి, కుట్టిన వస్తువు చేరవలసిన దారి మరొకటి. మొదటిది తల్లివైపు స్త్రీల గుండా సాగితే, రెండవది ప్రధానంగా మేనత్త, సోదరి వంటి బంధుత్వ ధర్మాల గుండా సాగింది. ఈ రెండు దారులను కలిపి చూసినప్పుడే 1880–1920 మధ్య, జాతి జీవనం ఛిన్నాభిన్నమైన కాలంలోనే, ఈ కళ ఎందుకు అంతగా వికసించిందో బోధపడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లకోటా, పూసలకుట్టు, ఏదుముళ్ల కుట్టు, బంధుత్వం, మేనత్త, వితరణ, రిజర్వేషన్ కాలం.

1. ప్రవేశిక

బయటివారు ‘సూ’ అని పిలిచిన ప్రజలు తమ కూటమిని ‘ఓచేతి షకోవిన్’ అంటారు. ఏడు సభాగ్నులు అని దాని అర్థం. ఈ కూటమిలో పడమటి శాఖవారు లకోటాలు. ఓగ్లాల, సిచాంగు, హంక్‌పాప, మినికోంజు మొదలైన ఏడు తెగలుగా వీరు విస్తరించారు. నేటి సౌత్ డకోటా, నార్త్ డకోటా రాష్ట్రాలలోని పైన్ రిడ్జ్, రోజ్‌బడ్, స్టాండింగ్ రాక్, షయెన్ రివర్, లోయర్ బ్రూల్ రిజర్వేషన్లు వీరి ప్రధాన నివాసాలు. రిజర్వేషన్ అనే మాట తెలుగులో ఉద్యోగ, విద్యావకాశాల కేటాయింపును స్ఫురింపజేస్తుంది. ఇక్కడ మాత్రం ప్రభుత్వం హద్దులు గీసి స్థానిక ప్రజలకు మిగిల్చిన భూభాగమని అర్థం.

లకోటా సమాజానికి మూలఘటకం ‘తియోష్పాయె’. అనేక కుటుంబాలు రక్తబంధం వల్ల, వివాహం వల్ల, దత్తత వల్ల ఏకమై కలిసి బ్రతికే బంధువర్గం అది. స్టాండింగ్ రాక్‌లో పెరిగిన యాంక్టన్ డకోటా పరిశోధకురాలు ఎల్లా డెలోరియా (1889–1971) తన ‘స్పీకింగ్ ఆఫ్ ఇండియన్స్’ (1944) గ్రంథంలో, ఈ ప్రజల జీవితంలో మంచి బంధువుగా మెలగడమే పరమధర్మమని వివరించింది. పూసలకుట్టును ఈ నేపథ్యంలో నిలిపి చూడడం అవసరం.

2. ఏదుముల్లు నుంచి గాజుపూసకు

గాజుపూస యూరప్ నుంచి వచ్చిన వస్తువు. దానిని తోలుపై కుట్టే పద్ధతిని తీర్చిదిద్దుకొన్నవారు మాత్రం స్థానిక స్త్రీలు. పూసలు రాకముందే వారికి ఏదుముళ్ల కుట్టు ఉంది. ఏదుపంది ముళ్లను రంగులలో ఉడికించి, నోటిలో నానబెట్టి మెత్తపరచి, పళ్ల మధ్య నొక్కి చదును చేసి, తోలుపై మడతలు మడతలుగా కుట్టేవారు. రంగుల పొందిక, జ్యామితీయ రేఖలు, తోలును ఆక్రమించే తీరు వంటివన్నీ ఈ కుట్టులోనే రూపుదిద్దుకొన్నాయి.

19వ శతాబ్ది తొలి దశకాలలో వర్తకుల ద్వారా ‘పోనీ పూసలు’ మైదానాలకు చేరాయి. ఇవి కాస్త పెద్దవి. తెలుపు, లేతనీలం రంగులవే ఎక్కువ. శతాబ్ది మధ్యకు వచ్చేసరికి వెనిస్, బొహీమియా ప్రాంతాల గాజు కర్మాగారాలలో తయారైన సన్నపూసలు విరివిగా లభించాయి. వీటి రంగులు అనేకం, పరిమాణం అతిసూక్ష్మం. అందువల్ల తోలు ఉపరితలమంతటినీ కప్పివేసే కుట్టుకు వీలు కలిగింది.

లకోటా స్త్రీలు ఎక్కువగా వాడిన పద్ధతికి ఆంగ్లంలో ‘లేజీ స్టిచ్’ అని పేరు. సోమరి కుట్టు అని దాని అర్థం. ఆరెతో తోలు పైపొరలోనే రంధ్రం చేస్తారు. అది అడుగువైపుకు దిగదు. బైసన్ వెన్ను వెంట ఉండే నరాన్ని ఎండబెట్టి, పోగులుగా చీల్చి, నోట తడిపి దారంగా వాడేవారు. ఎండి బిరుసెక్కిన పోగుకొనే సూదిగా ఉపయోగపడేది. ఒక్కో పోగుకు ఏడెనిమిది పూసలు గుచ్చి, రంధ్రంలో బిగించి, దాని పక్కనే మరో పోగు వేస్తారు. ఇలా పట్టీల మీద పట్టీలు చేరి, దుక్కి చాళ్లవలె స్వల్పంగా ఉబ్బిన ఉపరితలం ఏర్పడుతుంది. ప్రతి పోగులోనూ పూసలను లెక్కించి, రంగులను ముందే ఊహించుకొని పేర్చవలసిన ఈ పనికి సోమరితనంతో సంబంధమే లేదు. నేటి పరిశోధకులు చాలామంది ‘లేన్ స్టిచ్’, అంటే వరుసకుట్టు, అనే పేరునే వాడడానికి కారణం ఇదే.

3. నేర్పు అందిన దారి

ఈ కళకు దైవికమైన మూలం ఉందని లకోటాల విశ్వాసం. ‘డబుల్ వుమన్’గా పరిశోధకులు పేర్కొన్న జంట స్త్రీమూర్తి కలలో కనబడి ఏదుముళ్ల కుట్టును ప్రసాదించిందని ఐతిహ్యం. ఆమెను స్వప్నంలో దర్శించిన స్త్రీకి అసాధారణమైన నేర్పు అబ్బుతుందని నమ్మేవారు.

ఆచరణలో నేర్పు అందిన మార్గం ఇంటిలోనిదే. చిన్నపిల్లలు బొమ్మలకు బట్టలు కుడుతూ తల్లి, అమ్మమ్మల పక్కన కూర్చొని పని పట్టు తెలుసుకొనేవారు. బాలిక తొలిసారి రజస్వల అయినపుడు విడిగా ఉంచిన రోజులలో పెద్ద స్త్రీ ఒకరు దగ్గరుండి కుట్టుపని చేయించేవారు. ఆ రోజులలో ఓర్పుతో అభ్యసించిన పని జన్మంతా చేతికి అంటుకొని ఉంటుందని భావన. అంటే కుట్టు నేర్వడం స్త్రీగా సమాజంలో ప్రవేశించే క్రతువులో భాగం.

నేర్పుకు లెక్క కూడా ఉండేది. తోలు గీకే దుప్పికొమ్ము పనిముట్టు పిడిపై స్త్రీలు గుర్తులు చెక్కుకొనేవారు. ఎన్ని తోళ్లు పదును చేశారో, ఎంత పని ముగించారో ఆ గుర్తులు తెలిపేవి. నిపుణురాండ్రు విందులలో సమావేశమై తమ పనులను ప్రదర్శించి, వాటి సంఖ్యను సభలో చాటేవారు. యుద్ధంలో వీరకృత్యాలను పురుషులు లెక్కించి చెప్పుకొనే సంప్రదాయానికి ఇది దీటైనది. ఈ సమాజంలో కుట్టుపని ఇంటి మూలన తీరిక వేళ సాగే పని కాక, స్త్రీకి బహిరంగ కీర్తి తెచ్చే కార్యమైంది.

4. వస్తువు చేరిన దారి: మేనత్త ఊయల

నేర్పు తల్లి నుంచి కూతురికి అందింది గనుక వస్తువులు కూడా అదే దారిన వచ్చి ఉంటాయని భావించడం సహజం. లకోటా సంప్రదాయం ఇందుకు భిన్నం. బిడ్డ పుట్టగానే పూసల ఊయలను తయారుచేసే గౌరవం ప్రధానంగా తండ్రి తోబుట్టువులది. ఇక్కడ ఊయల అంటే వేలాడదీసి ఊపే తొట్టి కాదు; బిడ్డను చుట్టి ఎత్తుకొనే తోలుతొడుగు. తలభాగం మొత్తం పూసలతో నిండి ఉంటుంది. ఒకే బిడ్డకు ఒకటికి మించి ఊయలలు రావడం కద్దు. వాటి సంఖ్యను బట్టి ఆ బిడ్డ ఎంతమంది ఆప్తుల నడుమ పుట్టిందో లోకానికి తెలిసేది.

దీని వెనుక సోదర సోదరీ ధర్మం ఉంది. ఎదిగిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకరితో ఒకరు అతి మర్యాదగా, దూరం పాటించి మెలగాలి. మాటలలో చూపలేని ఆప్యాయత వస్తువులో వ్యక్తమవుతుంది. సోదరి సోదరునికి పూసల మొకాసిన్లు (మెత్తని తోలు పాదరక్షలు) కుడుతుంది. అతని సంతానానికి ఊయల కుడుతుంది. డెలోరియా రచించిన ‘వాటర్‌లిలీ’ నవల (మరణానంతర ప్రచురణ, 1988) ఈ మర్యాదల ప్రపంచాన్ని స్త్రీల దృష్టి నుంచి చిత్రించింది.

ఈ అంశాన్ని గ్రహించడానికి తెలుగు పాఠకునికి ఒక సౌలభ్యం ఉంది. లకోటా భాషలో తండ్రికీ, తండ్రి సోదరునికీ ‘అతే’ అనే ఒకే పిలుపు. తల్లికీ, తల్లి సోదరికీ ‘ఇనా’ అనే ఒకే పిలుపు. తండ్రి సోదరిని ‘తున్విన్’ అనీ, తల్లి సోదరుని ‘లెక్షి’ అనీ వేరుగా పిలుస్తారు. పెదనాన్న, చిన్నాన్నలలో ‘నాన్న’, పెద్దమ్మ, పిన్నమ్మలలో ‘అమ్మ’ ఉండి, మేనత్త, మేనమామలు విడిగా నిలిచే తెలుగు వరుసలకు ఇది సన్నిహితం. ఆంగ్లంలోని ‘ఆంట్’ చెరిపివేసే భేదాన్ని మన ‘మేనత్త’ నిలుపుతుంది. ఈ సామ్యం నేటి ఊహ కాదు. లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రచురించిన బంధుత్వ వ్యవస్థల గ్రంథంలో డకోటా వరుసలతోపాటు తమిళ, తెలుగు, కన్నడ వరుసలనూ పట్టికలలో చేర్చి, వాటి పోలికను చర్చించాడు. ఆనాటి జాతుల పుట్టుక సిద్ధాంతాలకు ఈ పోలికను ఆధారం చేసుకోవడాన్ని నేటి మానవశాస్త్రం అంగీకరించదు. ఒక ముఖ్యభేదం కూడా గమనార్హం. తెలుగు సమాజంలో మేనరికం పెండ్లికి అనుకూలమైన వరుస. లకోటాలలో మేనత్త, మేనమామ బిడ్డలతో సైతం వివాహం నిషిద్ధం. కనుక లకోటా మేనత్త కానుకలో భావి వియ్యం ఆశ లేదు. సోదరుని పట్ల గౌరవమే దాని ప్రయోజనం.

ఊయలతోపాటు బొడ్డుతాడు సంచి కూడా ముఖ్యమైనది. బిడ్డ బొడ్డుతాడును తాబేలు లేదా తొండ ఆకారపు చిన్న సంచిలో దాచి, సంచిపై పూసలు కుట్టేవారు. తాబేలు అంత సులభంగా చావని జీవి గనుక దీర్ఘాయువుకు సంకేతం. తాడు ఉన్న సంచితోపాటు దుష్టశక్తులను ఏమార్చడానికి ఖాళీ సంచి ఒకటి చేయడం కూడా ఉంది. పుట్టుక మొదలు పేరు పెట్టడం, ‘హుంకా’ అనే బంధుత్వ స్వీకార క్రతువు, వివాహం, మరణం వరకు ప్రతి ఘట్టంలోనూ ఎవరో ఒక బంధువు చేతిపని వ్యక్తి దేహాన్ని అంటిపెట్టుకొని ఉండేది.

5. కష్టకాలంలో వికాసం (1880–1920)

1868 ఫోర్ట్ లారమీ ఒప్పందం మిసౌరీ నదికి పడమట విశాలమైన భూభాగాన్ని సూ ప్రజలకు కేటాయించింది. బ్లాక్ హిల్స్‌లో బంగారం బయటపడ్డాక 1877లో ఆ కొండలను ప్రభుత్వం స్వాధీనం చేసుకొంది. 1889లో మిగిలిన భూమిని చిన్న రిజర్వేషన్లుగా విడగొట్టింది. 1880 దశకం నడిమికి బైసన్ మందలు దాదాపు అంతరించాయి. 1883లో జారీ అయిన ఇండియన్ నేరాల నియమావళి సూర్యనృత్యాన్ని నేరంగా ప్రకటించింది. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ వద్ద సైన్యం జరిపిన మారణకాండలో స్త్రీలు, పిల్లలు సహా వందలమంది మరణించారు. అంతకుముందే, 1879లో ప్రారంభమైన కార్లైల్ పాఠశాల రోజ్‌బడ్, పైన్ రిడ్జ్ పిల్లలను ఇండ్ల నుంచి వందల మైళ్ల దూరానికి తరలించింది. అక్కడ జుట్టు కత్తిరించి, సొంత దుస్తులు మాన్పించి, యూనిఫారం తొడిగారు.

సరిగ్గా ఈ కాలంలోనే లకోటా పూసలకుట్టు పరాకాష్ఠకు చేరింది. పిల్లల చొక్కాలు, నడుమంగీలు, సంచులు, ఊయలలు ఆసాంతం పూసలతో నిండిపోయాయి. మొకాసిన్ల అడుగుభాగం కూడా పూసలతో కుట్టినవి లభిస్తున్నాయి. నేలను తాకి నశించే చోట ఇంత పని చేయడం కొనుగోలుదారులకు వింతగా తోచి, వాటికి శవాల పాదరక్షలని పేరుపెట్టారు. మృతులకు తొడగడం ఉన్నప్పటికీ, జీవించి ఉన్నవారిని గౌరవించడానికీ ఇటువంటివి కుట్టేవారు.

ఈ వికాసానికి సరుకు లభ్యత, తీరిక సమయం, వర్తకుల గిరాకీ, బఫెలో బిల్ ప్రదర్శనలలో పాల్గొనేవారి దుస్తుల అవసరం కారణాలుగా చెబుతారు. ఇవి కాదనదగినవి కావు. అయితే బట్టలూరి చిరిగే పిల్లల దుస్తులపై నెలల తరబడి శ్రమించడాన్ని ఇవి వివరించలేవు. కళాచరిత్రకారిణి మార్షా బోల్ 1985 నాటి అధ్యయనంలో లకోటా స్త్రీల కళను వారి సామాజిక వ్యవస్థను నిలిపే వ్యూహంగా పరిగణించింది. ఈ దృష్టి సమంజసం. వేట, యుద్ధం ఆగిపోవడంతో పురుషునికి కీర్తి తెచ్చే మార్గాలు మూసుకొన్నాయి. బంధుధర్మం మాత్రం మిగిలింది. దానిని ప్రకటించే సాధనం స్త్రీల చేతిలో ఉంది. ప్రభుత్వం పిల్లవానిని యూనిఫారంలోకి మార్చదలచిన కాలంలో, ఆ పిల్లవాని దేహాన్ని మేనత్త, అమ్మమ్మలు పూసలతో కప్పారు.

కుట్టిన వస్తువులు ఇంట్లో నిలువ ఉంచడానికి కాదు. బిడ్డకు పేరు పెట్టినపుడు, మృతుల స్మృతిలో, బంధువుల గౌరవార్థం వాటిని గుర్రాలతోపాటు పంచిపెట్టేవారు. ఇచ్చినవాడే గొప్పవాడు. కూడబెట్టడమే నాగరికత అని నమ్మిన అధికారులకు ఇది అనాగరికంగా కనిపించింది. 1921లో ఇండియన్ వ్యవహారాల కమిషనర్ చార్లెస్ బర్క్ జారీ చేసిన 1665వ సర్క్యులర్ నృత్యాలలోని ఆస్తి పంపకాన్ని దుబారాగా భావించి అణచవలసిన చర్యలలో చేర్చింది. పూసలకుట్టు అందాన్ని మెచ్చుకొని కొనే సమాజమే, ఆ వస్తువులకు అర్థమిచ్చే వితరణను నిషేధించడం ఈ చరిత్రలోని తీవ్ర వైరుధ్యం.

ప్రజలు దీనికి సందు కనిపెట్టారు. జూలై 4 స్వాతంత్ర్య దిన వేడుకలకు అధికారుల అనుమతి ఉండేది. ఆ పేరిట బంధువులందరూ గుమిగూడి నృత్యాలు, పంపకాలు జరుపుకొనేవారు. ఈ కాలపు పూసల వస్తువులపై అమెరికా జెండా తరచుగా కనిపిస్తుంది. ఇది విధేయతకు గుర్తని, శత్రువు నుంచి గెలుచుకొన్న శక్తిచిహ్నమని, పర్యాటకులను ఆకర్షించే అలంకారమని, వేడుకకు రక్షణ కవచమని పరిశోధకులలో భిన్నాభిప్రాయాలున్నాయి. జెండా కుట్టిన ప్రతి చేతికీ ఒకే ఉద్దేశం ఉండి ఉండాలని కోరడమే ఇక్కడ పొరపాటు.

6. ఆకృతుల అర్థం: ఒక చర్చ

ఆకృతి వెనుక నిర్దిష్టమైన అర్థం ఉండాలనే పట్టుదల తొలి పరిశోధకులలో బలంగా కనిపిస్తుంది. క్లార్క్ విస్లర్ 1904లో సూ ప్రజల అలంకార కళపై ప్రచురించిన అధ్యయనం ఇందుకు ముఖ్యమైన ఆధారం. ఒకే ఆకృతికి వేర్వేరు వ్యక్తులు వేర్వేరు అర్థాలు చెప్పడాన్ని ఆయన నమోదు చేశాడు. త్రికోణం ఒకరికి డేరా, మరొకరికి కొండ కావచ్చు. ఆకృతులకు వాడుక పేర్లున్నంత మాత్రాన అవి నిఘంటువులోని పదాలవలె స్థిరార్థాలు కలిగి ఉండవు.

స్థిరమైన భావం ఉన్న సందర్భాలూ లేకపోలేదు. స్త్రీల దుస్తులలో భుజాలను కప్పే భాగం తరచుగా నీలిపూసలతో నిండి ఉంటుంది. రొమ్ముభాగాన ‘యు’ ఆకారపు వంపు ఉంటుంది. నీలం సరస్సు, వంపు తీరాన నిలిచిన తాబేలు అని వ్యాఖ్యానం. తాబేలుకు స్త్రీల ఆరోగ్యంతో, ప్రసవంతో సంబంధం చెబుతారు. బొడ్డుతాడు సంచి తాబేలుతో దీనిని కలిపి చూస్తే, తల్లి దుస్తులకూ బిడ్డ రక్షకూ మధ్య ఒకే ఆలోచన సాగడం స్పష్టమవుతుంది. ఇటువంటి కొన్ని మినహా, వస్తువు అర్థాన్ని నిర్ణయించేది ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో కుట్టారన్న ప్రశ్నే.

7. పేరు లేని వస్తువులు, పేరుతో తిరిగివచ్చిన వారసత్వం

మ్యూజియంలకు చేరిన లకోటా వస్తువులలో అధికభాగానికి సేకర్త పేరు ఉంటుంది, కుట్టిన స్త్రీ పేరు ఉండదు. ఆకలి రోజులలో అమ్ముకొన్నవి, వర్తకులు కొన్నవి, వూండెడ్ నీ మృతుల దేహాల నుంచి తీసుకొన్నవి సైతం ఇందులో ఉన్నాయి. పై చర్చను బట్టి చూస్తే, ఇక్కడ జరిగిన నష్టం కళాకారిణి పేరుకు మాత్రమే పరిమితం కాదు. ఇచ్చినవారు, అందుకొన్నవారు ఇద్దరూ చెరిగిపోవడంతో వస్తువు తన వాక్యం నుంచి విడివడిన పదమైంది. మసాచుసెట్స్‌లోని బ్యారీ పట్టణపు ఫౌండర్స్ మ్యూజియం 2022 నవంబరులో నూటయాభైకి పైగా వస్తువులను తిరిగి అప్పగించింది. వాటిలో కొన్ని వూండెడ్ నీకి సంబంధించినవని భావిస్తున్నారు. వారసులకు ఇది కళాఖండాలు చేతికందడం కన్నా మృతులైన బంధువుల వస్తువులు ఇల్లు చేరడం.

ఇంటిలోని నేర్పు ఈలోగా తెగిపోలేదు. పైన్ రిడ్జ్‌కు చెందిన ఆలిస్ న్యూ హోలీ బ్లూ లెగ్స్ ఏదుముళ్ల కుట్టును తన కుటుంబంలో నిలిపి, 1985లో అమెరికా జాతీయ వారసత్వ పురస్కారం పొందింది. రోజ్‌బడ్‌కు చెందిన నెల్లీ స్టార్ బాయ్ మెనార్డ్‌కు నక్షత్రపు బొంతల కళకుగాను 1995లో అదే పురస్కారం లభించింది. నక్షత్రపు బొంత నేడు లకోటా వితరణలలో ముఖ్యమైన కానుక. సాధనం మారినా ఇవ్వడం మారలేదనడానికి ఇది సాక్ష్యం. ఈ కళ స్త్రీలకే పరిమితం కాలేదనడానికి సిచాంగు లకోటా కళాకారుడు థామస్ రెడ్ ఔల్ హౌకాస్, ఓగ్లాల లకోటా క్యూరేటర్ ఎమిల్ హర్ మెనీ హార్సెస్ వంటి వారి పని నిదర్శనం.

సిచాంగు లకోటా చిత్రకారిణి డయానీ వైట్ హాక్ 2022 విట్నీ బైనియల్‌లో ప్రదర్శించిన భారీ పూసల కృతిలో ఐదు లక్షలకు పైగా గాజుపూసలున్నాయి. దాని పేరు ‘వోపిలా | లీనియేజ్’. ‘వోపిలా’ అంటే లకోటాలో కృతజ్ఞత; రెండవ మాటకు వంశపరంపర అని అర్థం. ఆధునిక అమూర్త చిత్రకళకు పూర్వమే స్థానిక స్త్రీలు అమూర్తతను సాధించారన్న వాదాన్ని ఆ కృతి నిలబెట్టింది. మ్యూజియం గోడపై నిలిచినప్పటికీ, ఆ పేరు వస్తువును మళ్లీ బంధువులకు చెల్లించే ఋణంగా మార్చింది.

8. ముగింపు

లకోటా పూసలకుట్టులో వారసత్వం రెండు పాయలుగా సాగింది. పని పట్టు తల్లి, అమ్మమ్మల నుంచి వచ్చింది. ఎవరికి కుట్టాలన్న ధర్మం బంధుత్వ వ్యవస్థ నుంచి వచ్చింది. పూస, దారం, తోలు, ఆకృతి అన్నీ కాలానుగుణంగా మారాయి. వెనిస్ గాజు, ప్రభుత్వం పంచిన పశువుల తోలు, చివరకు పాలకుల జెండా కూడా ఈ కళలో ఇమిడిపోయాయి. మార్పును ఇంతగా స్వీకరించగలిగింది దాని మూలం వస్తుసామగ్రిలో లేకపోవడం వల్లనే. 1880–1920 మధ్య వికాసాన్ని అంతరించే సంస్కృతి చివరి వెలుగుగా గాక, నిషేధాల నడుమ బంధుధర్మాన్ని బహిరంగంగా పాటించిన స్త్రీల చర్యగా గుర్తించాలి.

ఈ పరిశీలన జానపద, గిరిజన వస్తుసంస్కృతిపై పనిచేసే పరిశోధకులకు ఒక పద్ధతిని సూచిస్తుంది. వస్తువును నమోదు చేసేటపుడు ముడిసరుకు, కొలత, ఆకృతి, ప్రాంతంతోపాటు ఎవరు ఎవరికి ఏ వరుసలో ఇచ్చారన్నది కూడా నమోదు కావాలి. ఆ వరుస నమోదు కాని చోట పూసలు మిగులుతాయి, మేనత్త కనుమరుగవుతుంది.